మాటకారి

ఆ వానాకాలం మా స్కూలు మేడమీద గోడ నెర్రెలు విచ్చింది. పిల్లలెవరూ లేని ఆదివారం నాడు సగం గోడ మెట్లమీదికి కూలింది కాబట్టి సరిపోయింది. చూడటానికొచ్చిన ఇంజనీర్లు తలలు అడ్డంగా ఊపారు. వానలు తగ్గి గోడలు మళ్లీ కట్టేదాకా ఒక్క పిల్ల కూడా ఆ గడప తొక్కడానికి వీల్లేదన్నారు. దాంతో బడి ఫోన్లలోకి వచ్చేసింది. నా బస్సు షెడ్డులోకి పోయింది.

మా స్కూలు అంటే నేను పాఠాలు చెప్పే స్కూలు కాదు, పిల్లల్ని బస్సులో తీసుకెళ్లే స్కూలు. నా ఇద్దరు కూతుళ్లూ అక్కడే చదువుతున్నారు. పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నది ఒకటో తరగతిలో అప్పుడే చేరింది. మా ఆవిడ కంటి డాక్టరు గారి దగ్గర కౌంటర్లో కూర్చుంటుంది. ఆవిడ పొద్దున్నే గొడుగు వేసుకుని వెళ్లిపోతే ఇంట్లో మిగిలేది నేనూ, పిల్లలూ, బడీ.

పెద్దదానికి మా బావమరిది వాడి వదిలేసిన కంప్యూటర్ ఇచ్చాం. చిన్నదానికి మా ఆవిడ పాత ఫోను. దాన్ని వంటింటి బల్లమీద డబ్బాలకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా పిల్లని కూర్చోబెట్టేవాణ్ని. తెరమీద అగ్గిపెట్టెలు పేర్చినట్టు చిన్న చిన్న మొహాలు, ఒక మూల టీచరు.

మొదటి రోజు చిన్నది చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచింది. టీచరు పిలవలేదు. కుడి చెయ్యి నొప్పెడితే ఎడమ చెయ్యి ఎత్తింది.

"నాన్నా, టీచర్‌కి నేను కనిపిస్తున్నానా?"

"కనిపిస్తావమ్మా."

"మరి నన్ను చూడట్లేదుగా."

"అందర్నీ చూడాలి కదా."

అది కాసేపు ఆలోచించి, కుర్చీమీద నిలబడి, ఊడిన పన్ను ఖాళీ కనిపించేలా నోరంతా తెరిచి ఫోనుకి ఆనించింది. టీచరు ఉలిక్కిపడి "ఎవరమ్మా అది?" అంది. చిన్నది తృప్తిగా కూర్చుంది. నాలుగు వారాలు తిరిగేసరికి ఆ ఉత్సాహమంతా చల్లారిపోయింది. టీచరు గొంతు నొక్కేసే మీట ఎక్కడుందో కనిపెట్టింది. ఫోను అక్కడే ఉండేది, పిల్ల మాత్రం బల్లకింద చెప్పులతో ఆడుకుంటూ ఉండేది. ఒకరోజు నా చొక్కా పట్టుకుని, "నాన్నా, నాతో గొడవపడవా?" అని అడిగింది. ఎందుకే అంటే, "ఎవ్వరూ లేరు కదా" అంది.

పెద్దదాని సంగతి వేరు.

దానికి నత్తి. ఊహ తెలిసినప్పట్నుంచీ ఉంది. మాట మొదలుపెట్టేచోట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోతుంది, మొదటి అక్షరమే మళ్లీ మళ్లీ వస్తుంది. బస్సులో నా వెనక సీట్లోనే కూర్చునేది. వెనకాల పిల్లలు దాన్ని అనుకరిస్తుంటే నేను అద్దంలో చూసేవాణ్ని. హారను గట్టిగా కొట్టేవాణ్ని. అంతకంటే ఏం చెయ్యాలో తోచేది కాదు. క్లాసులో అది ఒక్క ప్రశ్నకీ లేచేది కాదు. జవాబు తెలియదనుకుని టీచర్లు అడగడం మానేశారు.

కంప్యూటర్ వచ్చాక దాని వేళ్లకి రెక్కలొచ్చాయి. నోటితో చెప్పక్కర్లేదు, కింద గడిలో రాస్తే చాలు. సైన్సు మేడమ్ ప్రశ్న పూర్తి చేసేలోపే దీని జవాబు తెరమీద మెరిసేది. "ఇంత చక్కగా ఎవరు రాశారమ్మా?" అని మేడమ్ పైకి చదివి వినిపిస్తుంటే, మా అమ్మాయి మెడ వంచుకుని తనలో తను నవ్వుకునేది. క్లాసు పిల్లలు దీన్ని సందేహాలు అడగడం మొదలుపెట్టారు. బస్సులో వెక్కిరించిన వాళ్లే.

"అర్థం కాకపోతే వీడియోలో మేడమ్‌ని వె... వెనక్కి తిప్పి మళ్లీ వినొచ్చు నాన్నా," అంది ఒకసారి. "క్లాసులో అయితే తి... తిప్పగలమా?"

నిజమే. ఆ పిల్ల మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. గోడ కూలడమే మంచిదైందేమో అని కూడా అనిపించింది. బస్సు డ్రైవరు అనుకోవలసిన మాట కాదు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే నా ఫోను మోగింది. "నాన్నా, మంచినీళ్లు" అని మెసేజ్. పంపింది గోడకి అవతల ఉన్న పెద్దది. నాకు నవ్వొచ్చింది. నీళ్లు పట్టుకెళ్లి ఇచ్చాను. సాయంత్రం మా ఆవిడకి సరదాగా చెబితే ఆవిడ నవ్వలేదు.

"నీళ్లు కావాలంటే నోటితో అడగాలి. లేదంటే లేచి తెచ్చుకోవాలి."

"పోనిద్దూ. పిల్ల ఎంత హాయిగా ఉందో చూడు."

"హాయిగానే ఉందండీ. అందుకే నా భయం. పొద్దుట్నుంచి దాని గొంతు విన్నారా మీరు?"

ఆలోచించాను. పొద్దుట్నుంచే కాదు, ముందురోజు విన్నట్టు కూడా గుర్తు రాలేదు.

"ఉన్న ఆ కాస్త మాటా తుప్పు పట్టిపోతుంది," అంది మా ఆవిడ తలుపు మూస్తూ.

*

వానలు ముదిరేకొద్దీ చాలా ఇళ్లలో సిగ్నల్ సరిగా అందడం మానేసింది. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించి, ప్రశ్నల కాగితాలు కట్టలు కట్టి ఇచ్చారు. వారానికోసారి ఇంటింటికీ పంచిరావాలి. బస్సు షెడ్డు దాటింది. చిన్నది నాతో వస్తానని పేచీ పెడితే తీసుకెళ్లేవాణ్ని. ఖాళీ బస్సులో మలుపుకో సీటు మారుతూ కూర్చునేది.

అప్పటిదాకా పిల్లలంటే నాకు ఆగే చోట్లు. ఫలానా మలుపు, ఫలానా గేటు. ఇప్పుడు గేట్లు తీసుకుని లోపలికి వెళ్లాను. ఒక ఇంట్లో అన్నదమ్ములిద్దరికీ ఒకటే ఫోను. అన్న క్లాసు అయ్యేదాకా తమ్ముడు పక్కనే కూర్చుని వాడి పాఠాలు వింటున్నాడు, తన తరగతివి తప్ప అన్నీ వచ్చేస్తున్నాయి. ఇంకో ఇంట్లో ఒకడు మేడమీద వానలో గొడుగు పట్టుకుని లెక్కలు వింటున్నాడు. మరో ఇంట్లో కెమెరా ముందు బుద్ధిగా కూర్చున్న పిల్లాణ్ని చూసి మెచ్చుకోబోయి, దగ్గరికెళ్తే వాడు కూర్చునే నిద్రపోతున్నాడు. బస్సు చప్పుడు వినగానే మాత్రం అందరూ పరిగెత్తుకొచ్చేవాళ్లు. "మనం వెళ్తున్నామా అంకుల్?" అని అడిగేవాళ్లు. లేదని చెప్పడం కష్టంగా ఉండేది.

చివరి ఇల్లు రోడ్డువారగా ఉండేది. కిటికీ దగ్గర చక్రాల కుర్చీలో ఒకమ్మాయి. మా పెద్దదాని క్లాసే. ఎముకలు పెళుసు. కాస్త దెబ్బ తగిలినా విరుగుతాయి. బడికొచ్చిన రోజులకంటే రాని రోజులే ఎక్కువ కాబట్టి నాకు సరిగా తెలియదు. మా చిన్నది చూడగానే 'కిటికీ అక్క' అని పేరు పెట్టేసింది.

నేనెవరో తెలియగానే వాళ్లమ్మ మొహం విప్పారింది. "మీరేనా వాళ్ల నాన్నగారు! రండి, రండి. ఎంత మాటకారండీ మీ అమ్మాయి! పొద్దస్తమానం మా దాన్ని నవ్విస్తూనే ఉంటుంది. ఈ వానాకాలం మా పిల్ల ఒక్క క్లాసు పోగొట్టుకోలేదు. దానికో స్నేహితురాలు దొరికింది. అందరూ బడెప్పుడు తెరుస్తారని అడుగుతున్నారు. మీతో అనకూడదు గానీ, ఇలాగే ఉండిపోతే బాగుణ్ణనిపిస్తుంది నాకు."

మాటకారి. నా కూతుర్ని ఎవరైనా ఆ మాట అంటారని కలలో కూడా అనుకోలేదు. కాగితాల కట్ట ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాను.

"అంకుల్, మైకు ఎప్పుడు బాగవుతుంది?" అంది కిటికీ అక్క.

"ఏ మైకమ్మా?"

"మీ ఇంట్లో కంప్యూటర్‌ది. పాడైందంది కదా. ఎన్నిసార్లు కాల్ చేద్దామన్నా అదే చెబుతుంది."

"ఓహో... అదా. బాగుచేయించాలమ్మా. వానలు కదా."

వానలకీ మైకుకీ సంబంధమేమిటో నాకే తెలియదు. ఈలోగా చిన్నది నా వెనకనుంచి తల బయటపెట్టి, "మైకు బానే ఉంది, మా అక్కే..." అని అందుకుంది. దాన్ని చటుక్కున చంకనేసుకుని, ఇంకా చాలా ఇళ్లున్నాయని చెప్పి బయటపడ్డాను. అదే చివరి ఇల్లని చెప్పాను కదా.

ఇంటికొచ్చి పెద్దదానితో, "నీ ఫ్రెండుని చూశానే," అన్నాను. దాని మొహం పాలిపోయింది.

"చె... చె... చెప్పేశావా?"

"లేదు."

అది ఊపిరి వదిలి మళ్లీ తెరవైపు తిరిగింది. నేను వంటింట్లోకి వెళ్లేసరికి ఫోను మోగింది. "థాంక్స్ నాన్నా." కాసేపటికి ఇంకోటి. "బడిలో నేను ఎలా చెబుతానో వింటారు. ఇక్కడ నేను ఏం చెబుతానో వింటారు."

ఆ రెండు వాక్యాలూ మా ఆవిడకి చూపించాను. ఆవిడ వాటిని రెండుసార్లు చదివింది. "ఇది చెప్పింది కూడా ఫోన్లోనే," అంది ఫోను తిరిగిచ్చేస్తూ. ఇద్దరం చెరో మంచానా పడుకున్నాం. ఎవరి మాట సబబో నాకిప్పటికీ తేలలేదు.

*

చిన్నదాని టీచరు, పిల్లలు చదువుతుంటే వీడియో తీసి పంపమంది. పుస్తకం ముందు పెట్టాను. పడవ బొమ్మ చూసి "పడవ" అంది. మేక బొమ్మ చూసి "మేక" అంది. గొప్పగా ఉందనుకున్నాను. మళ్లీ ఎందుకో అనుమానమొచ్చి బొమ్మమీద బొటనవేలు పెట్టాను. పిల్ల ఆగిపోయింది.

"వేలు తీసెయ్ నాన్నా, చదువుతా."

"బొమ్మ కాదమ్మా, అక్షరాలు చదువు."

"బొమ్మ చూడకుండా ఎవరైనా చదువుతారా?" అంది నాకేమీ తెలియనట్టు.

నెలలు గడిచాయి, పిల్లకి ఒక్క అక్షరం రాలేదు. నేను నేర్పబోయాను. పది నిమిషాల్లో ఇద్దరం అరుచుకున్నాం. మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి నేర్పబోయి, పుస్తకం మీదే తల వాల్చి నిద్రపోయింది. పెద్దది ఇదంతా చూస్తూనే ఉంది.

మర్నాడు సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. కంప్యూటర్ ఆగిపోయింది. పెద్దది కాసేపు నల్లటి తెరకేసి చూసి, లేచొచ్చి గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చుంది. చెల్లెల్ని ఒళ్లోకి లాక్కుని పుస్తకం తెరిచింది. బొమ్మలమీద కాగితం ముక్క కప్పింది. అక్షరం మీద చెల్లెలి వేలు పెట్టింది. ఇక్కడ రాసి చూపిస్తే కుదరదు. అక్షరానికి చప్పుడు కావాలి.

"ప... ప... పడవ."

"ప ప పడవ," అంది చిన్నది చకచకా.

నేను బట్టలు మడతపెడుతున్నాను. చేతులు ఆగిపోయాయి. పెద్దది ఇంకో మాట మీద వేలు పెట్టింది.

"మ... మ... మేక."

"మ మ మేక!"

వెక్కిరింత కాదు. ఆ పిల్లకి వెక్కిరింతంటే ఏమిటో తెలియదు. మాటని అలాగే చదవాలి కాబోలనుకుంది. ఇక పెద్దది లేచి వెళ్లిపోతుంది, ఇంకెప్పుడూ నోరు తెరవదు అనుకున్నాను. మా ఆవిడ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది.

పెద్దది చెల్లెలి తలని తనవైపు తిప్పుకుంది.

"చూడు. నా... నాకు మూడు కావాలి. నీకు ఒకటి చా... చాలు."

"ఎందుకు?"

"నాది అంతే."

చిన్నదాని పెదవి వణికింది. "అక్కకే ఎందుకు ఎక్కువ? నాకూ మూడు కావాలి!"

పెద్దది ఒక్క క్షణం దానికేసి చూసింది. తర్వాత పగలబడి నవ్వింది. ఆ నవ్వులో ఎక్కడా అడ్డం పడలేదు. మా ఆవిడ గరిటెతో సహా లోపలికి వెళ్లిపోయింది, కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఆ రోజునుంచి సాయంత్రాలు అక్కాచెల్లెళ్ల బడి నడిచింది. కరెంటు ఉన్నా సరే.

*

వానలు వెనకపట్టాయి. గోడ కట్టారు. వచ్చే సోమవారం నుంచి అందరూ బడికి రావాలనీ, ఫోను క్లాసులు ఆపేస్తున్నామనీ హెడ్‌మిస్ట్రెస్ మెసేజ్ పెట్టారు. చిన్నది మంచంమీద గెంతులేసింది. నేను బస్సు కడగడానికి బకెట్టు తీశాను. పెద్దది కంప్యూటర్ మూసేసి గోడవైపు తిరిగి పడుకుంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. "ఇష్టం లేకపోతే చెప్పమ్మా. హెడ్‌మిస్ట్రెస్ గారి కాళ్లావేళ్లా పడైనా..."

అది కంప్యూటర్ మళ్లీ తెరిచి నాకు చూపించింది. కిటికీ అక్క రాసింది: "అందరికీ సెలవులు అయిపోయాయి. నాకు మొదలయ్యాయి."

"నువ్వేం రాశావు?"

"రా... రాయలేదు. దీనికి ఏం రాయాలో తె... తెలియట్లేదు." లేచి కూర్చుని, "రేపు ఆ వీధికి వె... వెళ్తావా?"

"కాగితాలు వెనక్కి తీసుకోవాలి. వెళ్తాను."

"నేనూ వస్తా."

మర్నాడు దారంతా నా వెనక సీట్లో బిగుసుకుని కూర్చుంది. ఆ ఇంటి ముందు బస్సు ఆపాను. తోడు రానా అని అడగబోయి నోరు మూసుకున్నాను. అది దిగి, కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ ఆగింది. తెరమీద అగ్గిపెట్టెంత మొహమే తప్ప దీన్ని ఎదురుగా ఎరగని కిటికీ అక్క ఎవరన్నట్టు చూసింది. తన పేరు చెప్పుకోవడమే మా అమ్మాయికి అన్నిటికంటే కష్టం. నోరు తిరగని మాట బదులు ఇంకో మాట వాడొచ్చు గానీ సొంత పేరు మార్చుకోలేం కదా.

నాకు మాటలు వినపడలేదు. మా అమ్మాయి భుజాలు బిగుసుకోవడం, గడ్డం పైకి లేవడం కనిపించింది. కిటికీ అక్క తొందరపెట్టలేదు. తల తిప్పుకోలేదు. కిటికీ ఊచకి చెంప ఆనించి, బస్సు కోసం చూసే మనిషిలా నిదానంగా చూస్తూ ఉంది. ఆ తర్వాత ఇద్దరూ నవ్వుతున్నారు. వాళ్లమ్మ బయటికొచ్చి దీన్ని లోపలికి లాక్కెళ్లింది. నేను బండి ఆపుకుని చాలాసేపు కూర్చున్నాను.

తిరిగి ఎక్కాక అడిగాను. "ఏమందే?"

"తన కు... కుర్చీ కూడా మలుపుల దగ్గర కిర్రుమంటుందట."

అంతే చెప్పింది. ఇంటికెళ్లగానే మా ఆవిడ దగ్గరికి వెళ్లి పాత ఫోను బడికి పట్టుకెళ్తానంది. నోటితోనే అడిగింది. బడిలో ఫోన్లు కూడదని హెడ్‌మిస్ట్రెస్ మొదట ససేమిరా అన్నారు. సైన్సు మేడమ్ పట్టుబట్టారు. ఆ ఒక్క పిల్ల కోసం, ఆ ఒక్క బెంచీ మీద, ఫోను తెరిచి ఉంచడానికి చివరికి ఒప్పుకున్నారు. అలా కిటికీ అక్క మళ్లీ క్లాసులో కూర్చుంది.

ఒక్క చిక్కు మిగిలింది. వాళ్ల వీధిలో సిగ్నల్ అంతంత మాత్రం. మేడమ్ మాటలు అటు వెళ్లేవి గానీ, ఆ పిల్ల గొంతు ఇటు ముక్కలు ముక్కలుగా వచ్చేది. రాత మాత్రం చక్కగా వచ్చేది. మేడమ్ ప్రశ్న అడిగితే ఆ పిల్ల అక్కణ్నుంచి జవాబు రాసేది. దాన్ని ఎవరో ఒకరు లేచి క్లాసుకి చదివి వినిపించాలి. ఆ ఫోను మా అమ్మాయి చేతిలో ఉంది.

మొదటి రోజు వెనక బెంచీలో ఇద్దరు ముగ్గురు కిసుక్కుమన్నారట. మా అమ్మాయి ఆగిందట. తన సొంత జవాబైతే కూర్చునేదే. కానీ అది వేరే పిల్ల జవాబు, అటువైపు ఆ పిల్ల వింటోంది. చివరిదాకా చదివి కూర్చుందట. ఇదంతా మేడమ్ బస్సు దగ్గరికొచ్చి చెప్పారు. "మా క్లాసు రోజూ కాస్త ఆలస్యంగా ముగుస్తోంది డ్రైవర్ గారూ," అని నవ్వారు.

నత్తి పోలేదు. ఇప్పటికీ కొన్ని రోజులు అది నోరు విప్పదు. అలాంటి రోజుల్లో ఇంట్లోంచి ఇంట్లోకే మెసేజ్ వస్తుంది, మేం కూడా జవాబు రాస్తాం. చిన్నది చలికాలం చివరికి గాని తోటి పిల్లల్ని అందుకోలేకపోయింది.

ఒక సాయంత్రం పిల్లలందర్నీ దింపేశాను. బస్సులో మేం ముగ్గురమే మిగిలాం. చిన్నది నిద్రపోయింది. పెద్దది వెనక సీట్లోంచి ముందుకి వంగింది.

"నాన్నా, ఆ పిల్ల చా... చాలా పొడుగు జవాబులు రాస్తోంది. చదివి చదివి నా నోరు నొ... నొప్పెడుతోంది. కొంచెం తగ్గించమని చె... చెప్పవా?"

గేరు మార్చి, అద్దంలో దాని మొహం చూశాను.

"నువ్వే చెప్పుకో," అన్నాను.